మూడో టిన్ను

మా మనవరాలు క్లాంగ్‌లోని మా ఇంటికి వస్తే ముందు ఫ్రిజ్ తెరుస్తుంది, ఆ తర్వాత లాప్‌టాప్ తెరుస్తుంది. కౌలాలంపూర్‌లో కాలేజీలో సినిమాల గురించి చదువుతోంది. సినిమా అంటే చూడాలి గాని చదవడమేమిటని మొదట్లో నాకు అర్థం కాలేదు. మొన్న అలాగే వచ్చి, నా పక్కన కూలబడి, తెర నా వైపు తిప్పింది.

నలుపు తెలుపు ఫోటో. ఒక నల్లని స్త్రీ. తలకు తెల్లగుడ్డ కట్టుకుంది. రవిక చేతులు మోచేతుల దాకా మడిచింది. వెనక ఒక అచ్చుయంత్రం. సిరా అంటిన చేతిని నడుముకు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుంటూ తిన్నగా మా వైపే చూస్తోంది.

నేను కాఫీ కప్పు కింద పెట్టి తెర మీదకు వంగాను.

"తాతా, ఇది అమెరికాలో నల్లవాళ్ళు సొంతంగా తీసుకున్న ఫిల్ము, లా. సైలెంట్. ఇప్పుడు లేదు. వరల్డ్ మొత్తంలో ఎక్కడా లేదు. ఈ ఒక్క ఫోటో మాత్రం మిగిలింది."

"ఎక్కడుంటాది? మేం కాల్సీసినాం కదే," అన్నాను.

అది నవ్వింది. తాత జోకు వేశాడనుకుంది. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

ఆ రోజు అది నాకు చాలా చెప్పింది. సగం ఇంగ్లీషు, పావు తమిళం, మిగిలింది తెలుగు, మాట చివర ఇక్కడివాళ్ళందరూ తగిలించే 'లా'. పెద్ద కంపెనీల సినిమాల్లో నల్లవాళ్ళంటే పనివాళ్ళో, దొంగలో అట. ఆ వేషాలైనా చాలాసార్లు తెల్లవాళ్ళే మొహాలకు మసి పూసుకుని వేసేవారట. అది భరించలేక కొందరు నల్లవాళ్ళు తమ కథలు తామే తీసుకున్నారు. స్టూడియోలు లేవు. ఎవరింట్లోనో, ఏ చర్చి వెనకో తీసేవారు. ఒక్కో ప్రింటును రైల్లో ఊరూరా మోసుకెళ్ళి, బడుల్లోను, చర్చీల్లోను, నల్లవాళ్ళకని వేరుగా ఉంచిన హాళ్ళలోను అరిగిపోయేదాకా ఆడించారు. వాటిలో చాలా మటుకు పోయాయి.

"దాచాలని ఎవరికీ అనిపించలేదంట తాతా," అంది.

ఆ మాట దగ్గర నేను కళ్ళు మూసుకున్నాను. దాచాలని అనిపించని వాళ్ళలో నేనొకణ్ణి. ఎందుకు అనిపించలేదో కూడా నాకు బాగా తెలుసు.

*

హుటాన్ మెలింటాంగ్ దగ్గర నది ఒడ్డున ఒక కొబ్బరి ఎస్టేటు మాది. మాదంటే మా నాన్న కిరాణీగా పనిచేసినది. ఆఫీసు రాతకోతలన్నీ ఆయనవే. దొర తర్వాత ఇంగ్లీషు చదవగలిగింది ఆయన ఒక్కడే కాబట్టి కూలీలందరూ ఆయన్ని చూస్తే లేచి నిలబడేవారు. కొబ్బరి ఎండబెట్టే పొగషెడ్డు మా ఇంటి వెనకే ఉండేది. ఆ తీపి పొగ వాసన మా బట్టల్లో, అన్నంలో, అమ్మ జడలో, చివరికి నా పలక మీద కూడా ఉండేది. నది వైపు నుంచి గాలి తిరిగితే ఎండుచేపల వాసన దాని మీదకు ఎక్కేది.

యుద్ధం అయ్యాక, అడవిలోని కమ్యూనిస్టుల మీద తెల్లదొరల సర్కారు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో తుపాకులు పట్టుకున్నవాళ్ళు, బయట తుపాకులు పట్టుకున్న సర్కారువాళ్ళు, మధ్యలో మేము. ఎస్టేటు చుట్టూ ముళ్ళకంచె వేశారు. చీకటి పడితే ఎవరూ గడప దాటకూడదు. అడవిలోవాళ్ళకు తిండి చేరకూడదని కొట్లో ఏ టిన్ను అమ్మినా అక్కడికక్కడే మేకుతో పొడిచి ఇచ్చేవారు. పొడిచిన టిన్ను దాచుకోలేం కదా. పాల టిన్ను ఇంటికి వచ్చేసరికి చీమలు పట్టేవి. అమ్మ దాన్ని నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి, "ఈ తుపాకీలోళ్ళ గొడవేటో గాని సీమలు బాగుపడ్డాయి," అనేది.

అమ్మకు రంగు పిచ్చి. ఆదివారం వచ్చిందంటే నన్ను కూర్చోబెట్టి, సున్నిపిండిలో కొబ్బరిపాలు కలిపి, చర్మం ఊడివచ్చేలా నలుగు పెట్టేది. "ఎండలో తిరక్కురా, లయంలో గుంటల్లాగ నల్లబడిపోతావు," అనేది. లయం అంటే కూలీల ఇళ్ళ వరస. ఆ వరసలో చివరింటివాడే నా జతగాడు. వాళ్ళ నాన్న పొడుగాటి గెడకు కొడవలి కట్టి కాయలు దింపేవాడు. కాల్చిన కొబ్బరిచిప్పలా నిగనిగలాడే నలుపు వాడిది. మా ఇంటి మెట్ల దాకా వచ్చేవాడు. పైకి ఎక్కేవాడు కాదు. ఎక్కవద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

*

బొమ్మల తాత వచ్చిన రోజు గేటు దగ్గర పెద్ద రభస. ఆయన తెలుగువాడే. యుద్ధానికి ముందు నుంచి చేత్తో తిప్పే సినిమా పెట్టె పట్టుకుని ఎస్టేటు ఎస్టేటూ తిరిగేవాడు. బక్కగా, పొడుగ్గా, చెవులకు తమ్మెట్లతో ఉండేవాడు. గేటు కాపలా కుర్రాడు మలాయివాడు. వాడికి ఇచ్చిన ఆర్డరు ఒక్కటే: టిన్ను కనిపిస్తే పొడవాలి. తాత సైకిలు వెనక గుండ్రటి చదునైన టిన్నులు చూసి మేకూ సుత్తీ తీశాడు.

"టిన్ మెస్తి తెబుక్!"

"ఓరి నాయనా, పొడిసీకురా! ఇది సార్డీను కాదురా, సినిమారా!" తాత టిన్నుల మీద బోర్లా పడుకున్నాడు.

"తెబుక్!"

"నన్ను పొడు! ముందు నన్ను పొడు, తరవాత దాన్ని పొడు!"

మేమంతా కంచె పట్టుకుని కేరింతలు కొట్టాం. నాన్న దొర చీటీ పట్టుకుని పరుగున వచ్చేసరికి తాత తమ్మెట్ల నిండా ఎర్రమట్టి. టిన్నులు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆయన్ని మా పెరటి గదిలో ఉంచారు. పిల్లలం ఈగల్లా మూగేవాళ్ళం. మమ్మల్ని బెదరగొట్టడానికి ఆయన ఒక పని చేశాడు. పెట్టె అడుగున పడున్న వేలెడు ఫిల్ము ముక్క తీసి, కొబ్బరిచిప్పలో పెట్టి, నిప్పుపుల్ల చూపించాడు. పుల్ల తగిలీ తగలకముందే భుస్సుమని తెల్లటి మంట ఆయన కనుబొమల దాకా లేచింది. వెనక్కి విరుచుకుపడ్డాం. చప్పుడు లేదు. మంట, ఆపైన కర్పూరం లాంటి వాసన, దాని వెనక ముక్కు మండించే ఘాటు.

"సూసినారా? బీడీ నిప్పు తగిల్నా సాలు, మీరూ నేనూ షెడ్డూ అందరం బూడిదే. ముట్టుకున్నారంటే సేతులిరగ్గొడతాను."

ఆయన మమ్మల్ని దూరం పెట్టాలనుకున్నాడు. నేను మాత్రం దాని గురించే ఆలోచిస్తూ నిద్రపోయాను.

*

చీకటి పడితే బయటకు రాకూడదు కాబట్టి సినిమా పట్టపగలే వేశారు. ఎక్కడంటే పొగషెడ్డులో. నిప్పు ఆర్పించి, ఎండుకొబ్బరి మూలకు తోయించి, చిల్లుల్లో గోనెసంచులు కుక్కి, తలుపులు మూశారు. లోపల ఆవిరి. ఆడవాళ్ళు కొంగులతో విసురుకుంటున్నారు. తాత దీపంలోంచి కార్బైడు కంపు. పక్కన నీళ్ళ బకెట్లు, తడిసిన గోనెలు.

ముందు ఒక తెల్లవాళ్ళ బొమ్మ వేశాడు. టోపీలవాళ్ళు కారులోంచి పడిపోతారు, లేస్తారు, మళ్ళీ పడతారు. షెడ్డు కూలిపోయేలా నవ్వాం. తర్వాత రెండోది మొదలుపెట్టాడు. దానికి మూడు టిన్నులు.

అందులో తొలి దృశ్యం పడగానే షెడ్డులో విసురుకునే కొంగులు ఆగిపోయాయి.

తెర మీద నల్లవాళ్ళు. ఒకరిద్దరు కాదు, అందరూ. కోటు వేసుకుని కుర్చీలో కూర్చుని రోగి చెయ్యి పట్టుకుని చూసేవాడు నల్లవాడు. రైలు దిగినవాడు నల్లవాడు, వాడికి ఎదురొచ్చి చేయి కలిపినవాడూ నల్లవాడే. ఆ ఊళ్ళో అచ్చుయంత్రం పెట్టి పత్రిక నడిపే మనిషి ఒక నల్లని ఆడది. మేం కుర్చీలో కూర్చున్న నల్లని మనిషిని ఎన్నడూ చూడలేదు. కుర్చీ అంటే దొర, లేదా దొర పక్క మనిషి. నా ముందు కూర్చున్న ముసలమ్మ చెయ్యి ముక్కు మీదకు వెళ్ళింది.

"ఓలమ్మో, ఈలెవలే? మనోళ్ళేటి?"

"అమెరికాలో మనలాటోళ్ళప్పా," అన్నాడు తాత పిడి తిప్పుతూ.

మధ్యమధ్యలో తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. నాన్న వాటిని చదివి చెబితే తాత గొంతు మార్చి మార్చి ఆడేవాడు. కథ పెద్దదేం కాదు. పొలంలో పనిచేసే ఒకణ్ణి ఊళ్ళోని తెల్ల పెద్దమనుషులు చంపేశారు. ఆ సంగతి అచ్చువెయ్యాలని ఆ స్త్రీ పట్టుబట్టింది. వెయ్యొద్దని మనుషులు వచ్చారు, చేతిలో తాడుతో. అక్కడికి రెండో టిన్ను అయిపోయింది. మూడో దాంట్లో యంత్రం పగలగొట్టి అక్షరాలన్నీ బురదలో పోశారు.

నిజం చెప్పాలి. ఆ మూడో టిన్ను నేను సరిగ్గా చూడలేదు. నాకు విసుగేసింది. ఆ టోపీలవాళ్ళ బొమ్మ మళ్ళీ వేస్తే బాగుండుననిపించింది. "ఈ మొహాలు రోజూ పొద్దున్నే మస్టర్ హాజరులో సూత్తాం గదా," అని పక్కవాడి చెవిలో అని నవ్వాను. ఆ పక్కవాడు నా జతగాడే. వాడు నవ్వలేదు. నోరు తెరుచుకుని తెర వైపే చూస్తున్నాడు.

చివరలో తెరంతా ఒకే ఒక్క వాక్యం పడింది. ఆవిడ అచ్చువేసిన కాగితం అది. తాత పిడి తిప్పడం మెల్లగా చేసి నాన్న కోసం చూశాడు. నాన్న చదవలేదు. దగ్గారు. పొగ గొంతుకు అడ్డం పడినట్టు కండువా నోటికి పెట్టుకుని దగ్గారు. వాక్యం వెళ్ళిపోయింది. సినిమా అయిపోయింది.

ఆ సాయంత్రం తాత మా ఇంట్లో భోజనం చేశాడు. మునగాకు పప్పు, వేయించిన ఎండుచేప. అమ్మ వడ్డిస్తూ, "సినిమాలంటే తెల్లగా అందంగా ఉండాల గాని, అదేటి తాతా ఆ బొమ్మ," అంది.

"నా పెట్టెలో ఉన్నవాటిలో దొంగతనంగా రానిది, చెత్తలో కొననిది అదొక్కటేనమ్మా," అన్నాడు తాత. యుద్ధానికి ముందు ఇప్పటి పోర్ట్ క్లాంగ్ రేవులో డేరా వేసినప్పుడు, అమెరికా ఓడలో వంటవాడొకడు వచ్చాడట. నల్లవాడు. తెల్లవాళ్ళ బొమ్మ చూసి బయట చాలాసేపు నిలబడ్డాడట. మర్నాడు ఈ టిన్నులు భుజాన వేసుకుని వచ్చాడు. ఆ సినిమా తీసినవాళ్ళలో వాడి అన్న ఒకడు. ఆడించి ఆడించి పక్కన పడేసిన ప్రింటు అట. 'మా వాళ్ళు చూడాల్సినంత చూశారు. ఇక మీ వాళ్ళకు చూపించు' అన్నాడట.

తాత చేయి కడుక్కుని నాన్న వైపు తిరిగాడు. "ఆ ఆఖరి మాట ఎందుకు సదవలేదు బాబూ?"

నాన్న లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. "గుమ్మం దగ్గర చిన్నదొర నిలబడున్నాడు, తెర మీద ఇంగ్లీషు ఆయనా సదువుతాడు. మొన్న పక్క ఎస్టేటులో ఒకణ్ణి నోరు జారినందుకు ఓడెక్కించి పంపీసినారు. నేను నా గుంటలతో ఈ కంచె లోపల బతకాల తాతా."

"సరే బాబూ. మంచిరోజు వచ్చినప్పుడు సదువుదురుగాని."

మర్నాడు వెళుతూ టిన్నులన్నీ మా ఇంట్లోనే వదిలేశాడు. చదునుగా, గుండ్రంగా ఉన్నాయేమో, రోడ్డు మీద సిపాయిలు వాటిని చూసి బాంబులనుకుంటున్నారట. రోజులు బాగుపడ్డాక వస్తాను, ఇక్కడే మళ్ళీ ఆడిద్దాం, ఆ ఆఖరి మాట మీ నోట వినాల, అన్నాడు. నాన్న వాటిని తన మంచం కిందకు తోశారు.

*

ఆ ఏడు దీపావళికి టపాకాయలు వద్దన్నారు. చప్పుడైతే కాల్పులనుకుని ఎవడో తిరిగి కాలుస్తాడని. అమ్మ అరిసెలు వండింది. కొబ్బరి కోరు వేసిన బూరెలు వండింది. అయినా టపాకాయ లేని దీపావళి ఏం దీపావళి? మాకు చప్పుడు వద్దన్నారు. మంట వద్దనలేదు కదా! నాకు తాత కొబ్బరిచిప్ప గుర్తొచ్చింది.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు మంచం కిందకు దూరాను. జతగాడు మెట్ల దగ్గర కాపలా. తెల్లవాళ్ళ బొమ్మ టిన్నులకు ఎర్ర రంగు గీత ఉంది. వాటి జోలికి పోలేదు. మూడో టిన్ను తీసి పెరట్లోకి తెచ్చాను.

జతగాడు ఒక ముక్క తుంచి ఎండకు పెట్టి చూశాడు. "ఇది ఆ అచ్చుపెట్టె అమ్మరా."

"అవును. అయితే ఏటి?"

"ఇది వద్దురా. ఎర్రగీతది కాల్సుదాం. ఈ అమ్మ మా అప్పలాగుంది."

"ఎర్రగీతది బాగుంటాది, నవ్వొస్తాది. ఈ నల్లమొహాల్ని మళ్ళీ ఎవడు సూత్తాడు?"

వాడు ఆ ముక్కను కిందకు దించాడు. "నానూ నల్లోణ్ణే కదరా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నాకు తెలియని సంగతేదో తెలియజేస్తున్నట్టు అన్నాడు.

ఈ వయసులో ఆ మాట విన్నప్పుడల్లా, అంటే నాలో నేను విన్నప్పుడల్లా, నా చెంపలు వేడెక్కుతాయి. ఆ రోజు మాత్రం నేను నవ్వేశాను. "నువ్వేమన్నా సినిమాలో ఉన్నావేటి?" అన్నాను.

ఫిల్మును జానెడు ముక్కలుగా కత్తిరించి, పాత కాగితంలో బిగించి చుట్టి, వెదురు గొట్టాల్లో పెట్టి ముట్టించాం. భుస్సు! భుస్సు! లయం పిల్లలంతా చేరారు. తెల్లటి మంటలు, పాముల్లా మెలికలు తిరిగే పొగ, పెరడంతా హారతి కర్పూరం వాసన. పెద్దవాళ్ళు కూడా మెచ్చుకున్నారు, చప్పుడు లేని టపాకాయ ఎక్కడిదిరా అని. జతగాడు ఒక్కటీ ముట్టించలేదు. తన చేతిలో ఉన్న ముక్కను మాత్రం ఇవ్వలేదు. నేను లాక్కున్నాను. అది కూడా కాల్చేశాను.

ఖాళీ టిన్ను తేలిగ్గా ఉంటే నాన్నకు తెలిసిపోతుందని, కొబ్బరిపీచు తాడు ఒకటి చుట్టలు చుట్టలుగా అందులో కుదించి మూత బిగించాను. ఎస్టేటులో తాడుకు కొదవేముంది?

*

మెర్డేకా రోజున, అంటే మాకు స్వాతంత్ర్యం వచ్చిన రోజున, బొమ్మల తాత తిరిగి వచ్చాడు. అదే సైకిలు. ఈసారి హ్యాండిలుకు కొత్త జెండా. గేటు దగ్గర కుర్రాడు మేకు తీయకుండా సలాం కొట్టాడు. దొర అందరికీ బన్నులు, గాజు సీసాల్లో రంగునీళ్ళు పంచాడు. అయినా పెద్దవాళ్ళ మొహాల్లో సందేహం పోలేదు. దేశం మారింది, మనం ఇక్కడివాళ్ళమా, విశాఖపట్నం ఓడ ఎక్కాలా? పౌరసత్వానికి పెట్టుకోవాలా వద్దా? జతగాడి నాన్న రోజూ వచ్చి మా మెట్ల మీద కూర్చుని, "కిరాణీగారండీ, మీరేటి సేత్తారు?" అని అడిగేవాడు. నాన్న, "సూద్దాం," అనేవారు.

నాకు జ్వరం వచ్చినట్టు నటించాను. తాత నా నుదుటి మీద చేయి పెట్టి, "జరం లేదు, దొంగజరం. రా, నా బకెట్లు నువ్వే మొయ్యాల," అన్నాడు. టిన్నులు మోస్తూ షెడ్డుకు నడుస్తూ మూడోదాన్ని అన్నిటికీ అడుగున పెట్టుకున్నాను.

కొందరు నదికి అవతలి ఎస్టేట్ల నుంచి కూడా వచ్చారు. మళ్ళీ మూసిన తలుపులు, మళ్ళీ కార్బైడు కంపు. తాత ఎర్రగీతవి అసలు తెరవలేదు. "ఇయ్యాల ఇదే," అన్నాడు. మొదటి టిన్ను అయింది. రెండోది అయింది. నాన్న ఈసారి గొంతు పెంచి చదివారు. ఆ మనుషులు అచ్చు ఇంటి గుమ్మం ముందు నిలబడ్డారు. ముందున్నవాడు చేతిలో తాడు లాగి చూసుకున్నాడు. పెట్టెలో చక్రం ఖాళీగా తిరిగింది.

తాత మూడో టిన్ను మూత తీశాడు. దీపం వెలుగు నేరుగా అందులో పడింది.

తాడు.

ముందు వరసలో ఒకావిడ కెవ్వుమంది. తెర మీది తాడు టిన్నులోకి వచ్చేసిందనుకుందో ఏమో. వెనకవాళ్ళు లేచారు. తాత తాడును పైకెత్తాడు. చుట్టలు ఒక్కొక్కటే విడిపోతూ కిందకు జారాయి. ఆయన మొహం చూడలేకపోయాను. నేను బరువు కోసం పెట్టిన తాడది. ఆ సినిమాలో తాడుందని నాకు తోచనే లేదు. అంత గుడ్డిగా చూశాను నేను దాన్ని.

నాన్న నా వైపు తిరిగారు. ఆయనకు దీపావళి వాసన గుర్తొచ్చినట్టుంది. చేయెత్తారు. తాత ఆ చేయి పట్టుకున్నాడు.

"తలుపులు తీసీండి," అన్నాడు.

ఒక్కసారిగా వెలుగు లోపలికి పడింది. అందరి మొహాలూ చెమటతో, పొగమసితో మెరుస్తున్నాయి. తాత నన్ను తెర ముందుకు తోశాడు.

"కాల్సినోడివి నువ్వు. మిగతాది నువ్వే సెప్పాల. సెప్పు."

నోరు తెరిచాను. ఏమీ లేదు. బురద, అక్షరాలు, అంతే. అందరూ నన్నే చూస్తున్నారు. నేను చూడని సినిమా నాలోంచి ఎలా వస్తుంది?

అప్పుడు జతగాడు లేచాడు. ఎవరూ పిలవలేదు. వచ్చి నా పక్కన నిలబడి, ఎండుకొబ్బరి పొడి పడున్న నేల మీద మోకాళ్ళు వంచాడు.

"ఆ అమ్మ బురదలో కూకుంది," అన్నాడు. "ఏడవలేదు. ఇలాగ... ఇలాగ ఏరింది. ఒక్కో అచ్చరం తీసి కొంగుకి తుడిసింది. పక్కింటి ముసలమ్మొచ్చి గిన్నెలో నీళ్ళు తెచ్చింది. పిల్లలొచ్చినారు. సదువు రానోళ్ళు కూడా ఏరినారు. ఒక గుంటడు ఒక అచ్చరాన్ని తలకిందులుగా ఒట్టుకున్నాడు, ఆ అమ్మ నవ్వి తిప్పింది." వాడి నల్లటి వేళ్ళు గాలిలో అక్షరాన్ని తిప్పాయి. "యంతరం విరిగిపోనాది కదా, అందుకని చేత్తోనే అద్దింది. కాయితం మీద గుద్ది గుద్ది. ఒక్కటే అచ్చయింది. దాన్ని తలుపుకి మేకేసి కొట్టింది."

వాడు లేచి చేతులు దులుపుకున్నాడు. "ఆ కాయితం మీద ఏటి రాసుందో నాకు తెల్దు. ఆ దినం కిరాణీగారు సదవలేదు."

షెడ్డంతా నాన్న వైపు తిరిగింది. గుమ్మం దగ్గర దొర, చిన్నదొర ఇద్దరూ ఉన్నారు. బన్నులు పంచడానికి వచ్చినవాళ్ళు అక్కడే ఆగిపోయారు. జతగాడి నాన్న గెడ పట్టుకుని నిలబడ్డాడు. నాన్న కండువా నోటి దగ్గరకు వెళ్ళింది. మళ్ళీ కిందకు దిగింది.

"ఈ ఊరు మాది కూడా," అన్నారు నాన్న. ఆగారు. గొంతు సవరించుకోలేదు. "మేం ఎక్కడికీ పోము."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముసలమ్మ ఒకావిడ పక్కావిడను అడిగింది, "ఏటన్నాడే?" అని. పక్కావిడ మళ్ళీ చెప్పింది. అది వరసల్లో వెనక్కి వెనక్కి పాకింది. దొరకు తెలుగు రాదు. అందరితో పాటు ఆయనా తలూపాడు.

*

నాన్న ఆ వారంలోనే పౌరసత్వానికి అర్జీ పెట్టుకున్నారు. జతగాడివాళ్ళు పెట్టుకోలేదు. ఏం కాగితాలు చూపించాలో వాళ్ళకు తెలియలేదు. చెప్పాల్సిన నేను కిరాణీ కొడుకుగా టౌను బడికి వెళ్ళిపోయాను. కొన్నాళ్ళకు వాళ్ళు ఓడెక్కారని విన్నాను. నేను రేవుకు పోలేదు. వాడు ఇవ్వనన్న ఆ ముక్కను నేను లాక్కున్నానని, తప్పయిందని ఒక్క మాట అనలేదు. పోవడానికి బస్సు ఉంది. ఆదివారం సెలవు కూడా. పోలేదు.

బొమ్మల తాత మిగిలిన రెండు టిన్నులు పట్టుకుపోయాడు. తాడు కూడా పట్టుకుపోయాడు. "సైకిలుకి పనికొస్తాది," అన్నాడు. మళ్ళీ మాకు కనబడలేదు.

మనవరాలు అంతా విన్నది. తర్వాత ఫోను తీసి నా ముందు నిలబెట్టింది.

"తాతా, ఆ ఎండింగ్ ఎవరికీ తెలీదు. నువ్వు చెప్పాలి. రికార్డ్ చేస్తాను."

"నాకూ తెలీదే. నేను సూడలేదు. వాడు సూసినాడు."

"వాడు ఎలా చెప్పాడో అలాగే చెప్పు, లా."

కుర్చీలోంచి లేచాను. మోకాళ్ళు నొప్పి. అయినా మెల్లగా నేల మీదకు దిగాను. నా చేతులు చాపుకుని చూశాను. అమ్మ ఎంత నలుగు పెట్టినా ఎండకూ వయసుకూ ఎప్పుడో నల్లబడిపోయిన చేతులు.

"ఆ అమ్మ బురదలో కూకుంది," అన్నాను. "ఏడవలేదు. ఇలాగ... ఇలాగ ఏరింది."